అనసూయ మేడం నేర్పిన గురి

మొన్న పొద్దున చిక్కడపల్లి నుంచి అనసూయ మేడం చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క పోయింది బిడ్డా. చాయ్ తాగుకుంటనే కుర్చీల వాలిపోయింది." "ఏం మాట్లాడుతున్నరమ్మా! నిన్ననే నన్ను తిట్టింది గదా!" అని అరిచాను. ఆ తిట్టే ఆఖరిదని ఎవరనుకుంటారు? డెబ్బై దాటినా మెట్లెక్కడంలో మమ్మల్ని వెక్కిరించిన మనిషి మృత్యువుకు అంత సులువుగా లొంగిపోయారంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమె ఇంకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, అంతరిక్షంలో లేజర్ కిరణంతో సమాచారం పంపగలమా అని పరీక్షించడానికి మా సంస్థ ఒక చిన్న ఉపగ్రహాన్ని పంపింది. భూమి మీది నుంచి దానికి కిరణం తాకించే బాధ్యత మేడంది. నేను ఆమె కింద కొత్తగా చేరిన ఇంజినీరును. కాంతిశాస్త్రంలో ఆమెది అగాధమైన పాండిత్యం. చేతిలో మాత్రం ఎప్పుడూ సుల్తాన్ బజార్‌లో కొన్న గుడ్డసంచి ఉండేది.

లేజర్ కిరణం బహు సన్నం, ఉపగ్రహమా క్షణం ఆగదు. కనిపించిన చోటికే కిరణాన్ని పంపితే, అది చేరేలోగా ఉపగ్రహం ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఈ సూక్ష్మాన్ని ఆమె నాకు నారాయణగూడ చౌరస్తాలో బోధించారు. "బస్సు కనవడ్డ కాడికి ఉరుకుతవేంది? జర ముందుకు పోయి, ఆగే కాడ నిలవడు. గంతే!" అంటూనే ఎక్కి సీటు పట్టుకున్నారు. నేను ఫుట్‌బోర్డు మీద వేలాడాను.

తొలి ప్రయత్నం విఫలమైంది. రెండోదీ, మూడోదీ అంతే. ఉపగ్రహం మా కిరణాన్ని చూడనే లేదు. ఇంకొక్కసారి చూసి ప్రయోగం ఆపేస్తామన్నారు పైవాళ్లు. మేడం లెక్కల కాగితాలన్నీ ముందరేసుకొని, ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు. కిరణాన్ని ముందుకు జరపాల్సిన కోణానికి ఋణ గుర్తు పడింది. అంటే మూడుసార్లూ ఉపగ్రహానికి వెనక ఖాళీ ఆకాశంలోకి గురిపెట్టాం! ఆ గుర్తు దిద్దారు. ఆ సాయంత్రమే ఉపగ్రహం బదులిచ్చింది. "అందిందిరా!" అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

తర్వాతి సమావేశంలో, ఆ గుర్తు వేసిందెవరని అడిగారు. నేనే. ఉద్యోగం పోతుందన్న భయంతో ముందున్న కాగితాల్లో తల దూర్చాను. ఆమె ఎవరి వైపూ చూడలేదు. "చూసి సంతకం పెట్టింది నేను. తప్పు నాదే అని రాసుకోండ్రి" అన్నారు. నివేదికలో అలాగే రాశారు. తర్వాతి ఉపగ్రహం పనికి ఆమెను పిలవలేదు. నన్ను పిలిచారు, నేను సిగ్గు లేకుండా వెళ్లాను.

అప్పటినుంచి ఆమె ఆదివారాలు అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు సైన్స్ చెప్పేవారు. ఒకసారి నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. ఒక అమ్మాయి గడగడా అప్పజెప్పింది: "లేజర్ ఉపగ్రహ ప్రయోగం విజయవంతం."

"మూడుసార్లు తప్పినం. గది గూడ రాసుకో" అన్నారు మేడం. "నేనే సక్కగ చూడలే."

"గట్ల రాస్తే మార్కులు కట్ అయితయి మేడం!"

"కట్ కానీ బిడ్డా. నాకు అయినయి, ఏమైంది?"

గదంతా నవ్వింది. నేను నేల చూశాను. ఎంతటి ఉదాత్త హృదయం! ఆ ఋణ గుర్తు నాదని ఆమెకు తెలుసో లేదో, ఒక్కనాడూ అడగలేదు.

చనిపోయే ముందు రోజు ఫోన్‌లో తిట్టింది కూడా, ఆ మాట చెప్పకుండా నేను వాయిదా వేస్తున్నందుకే. "ఏందో చెప్పాలె చెప్పాలె అని ఏడాది నుంచి అంటున్నవు. చెప్పవు, రావు. ఏం మనిషివిరా నువ్వు!" "ఈ ఆదివారం పక్కా వస్త మేడం" అన్నాను. ఎప్పుడూ ఉండే కుర్చీలోనే ఉంటారనుకున్నాను.

అటువంటి గురువు మాకు మళ్లీ దొరకరు. పూలదండ వేసే అర్హత నాకు లేదు. నివేదికలో ఆ తప్పు పక్కన ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయమని నిన్న సంస్థకు ఉత్తరం ఇచ్చాను. ఇవాళ ఆదివారం. మాట ఇచ్చినట్టే మీ కుర్చీ ముందుకు వచ్చాను మేడం. ఆ గుర్తు వేసింది నేను.