దేవుడి పొట్టేలు

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను కోవూరులో మా దాణా కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, అత్త లెయ్యలా" అన్నాడు. వాడి మాట వెనక గొర్రెలు అరుస్తున్నాయి. పొద్దెక్కినా దొడ్డి తడిక తియ్యకపోతే అవి అలాగే అరుస్తాయి. మా అత్త ఒక్క పూట కూడా ఆ తడిక ఆలస్యంగా తీసిన మనిషి కాదు. ఇంక వాడు చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఎత్తిన షట్టరు కిందికి లాగి బస్సెక్కాను.

వాకాడు దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల వెనక మా ఊరు. నేను చేరేసరికి ఆడవాళ్ళు అత్తకి స్నానం చేయించి తెల్లచీర కట్టారు. కుడి అరచేతి గీతల్లో మాత్రం ఎర్రటి జాజు మట్టి అలాగే ఉంది. "ఎంత రుద్దినా పోలా అమ్మే" అంది పక్కింటావిడ, తప్పంతా తనదే అయినట్టు. పోకపోవడమే నయమనిపించింది నాకు. ఆ ఎరుపు సంగతి మీకు చెప్పాలంటే ముందు గొర్రెల సంగతి చెప్పాలి.

నెల్లూరు గొర్రె అంటే అంతా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. ఒళ్ళంతా తెల్లగా ఉండేది పల్ల. ఎర్రగా, గోధుమరంగులో ఉండేది డోర. తెల్లటి ఒంటికి కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ నల్లమచ్చలుంటే అది జొడిపి. కాటుక పెట్టుకుని ఆ చేత్తోనే మూతి తుడుచుకున్నట్టుంటుంది దాని మొహం. మా అత్తవి జొడిపి గొర్రెలు. ఆమెకి పిల్లల్లేరు. మామ పోయాక ఆమె చుట్టూ ఉన్నది ఆ మంద, పక్కింట్లో నా తమ్ముడి సంసారం.

గొర్రెలకి ఆమె పేర్లు పెట్టలేదు. తల్లుల్ని బట్టి పిలిచేది. ఫలానా కుంటిదాని మనవరాలు, తుపానులో పుట్టినదాని కూతురు, ఇలాగ. ఇంటికొచ్చిన చుట్టాలతోనూ అదే వరస. నేను మా ఆయన్ని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఆయన పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. "మీయమ్మది ఏ ఊరు నాయనా? ఆమె తల్లిదో?" అంది. మీ అత్త నా పళ్ళొకటే చూడలేదని ఆయన ఇప్పటికీ అంటుంటారు.

చర్చిలో గుమ్మం పక్కనే కూర్చునేది. ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటే ఈమె ఒక కన్ను తెరిచి బయట మేస్తున్న మందని చూసేది. ఒకసారి నాకు దొరికిపోయింది. అడిగితే ఏమాత్రం తడుముకోలేదు. "దేవుడు నన్ను చూస్తా ఉండాడు, నేను వాటిని చూస్తా ఉండా. ఇందులో తప్పేముండాది?" అంది.

మా సంఘంలో కోతపండగ పెద్ద పండగ. ఎవరి పంటలో మొదటిది, మంచిది వాళ్ళు చర్చికి తెస్తారు. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళు, చేపలవాళ్ళయితే ఎండుచేపల బుట్టలు. ప్రార్థన అయ్యాక అవన్నీ బయట వేలం వేస్తారు. గొర్రెలున్న ఇంటివాళ్ళు ఆ ఏడు పుట్టిన పొట్టేలు పిల్లల్లో అన్నిటికంటే గట్టిదాన్ని తెచ్చేవాళ్ళు. సన్నదాన్ని తెస్తే నలుగురిలో తలెత్తుకోలేరు. కోళ్ళని, కొబ్బరికాయల్ని ఊరివాళ్ళు పాడుకునేవాళ్ళు గానీ, పొట్టేళ్ళని మాత్రం ప్రతిసారీ మాంసం కొట్టు ఆయనే పాడుకునేవాడు. సాయంత్రానికి అవి కూరయ్యేవి. ఇందులో తప్పుందని మాలో ఎవరికీ తట్టలేదు. దేవుడికి మంచిది ఇవ్వాలి, ఇస్తున్నాం, అంతే.

తట్టింది అత్తకే. ఒక ఏడు ఈనిన పిల్లలు మరీ చిన్నవిగా, రొమ్ము ఇరుకుగా పుట్టాయి. గడ్డి తక్కువైందా, నీళ్ళు పడలేదా అని కొన్నాళ్ళు మథనపడింది. ఒక సాయంత్రం దొడ్లో పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దీనికి తండ్రి ఎవరా అని తనలో తనే లెక్క వేసుకుంది. పోయినేడు కోతపండక్కి ఇవ్వకుండా మిగిలింది. దాని తండ్రి? అంతకు ముందేడు ఇవ్వకుండా మిగిలింది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు, పక్కనే ఉన్నాను. ఆమె మొహం పాలిపోయింది. "మిగిలిందే తండ్రయితా వచ్చిందమ్మే. మంచివన్నీ మనమే ఏరి ఏరి కోయించినాం" అంది.

ఊళ్ళో మిగతావాళ్ళకీ పిల్లలు సన్నబడటం తెలుసు. వాళ్ళు వేరే దారి పట్టారు. ఎక్కడెక్కడి నుంచో ఎత్తయిన వేరే జాతి పొట్టేళ్ళని తెచ్చి మందల్లో కలిపారు. పిల్లలు పెద్దవయ్యాయి, కాదనను. కానీ కళ్ళ చుట్టూ నలుపు పోయింది. కార్తీకమాసం ముసురు పట్టగానే గిట్టలు మెత్తబడి, చీము పట్టి, మందకి మంద కుంటేది. మాది ఉప్పు నేల, చెమ్మ నేల. దీనిమీద నిలబడటం జొడిపికి తాతల నాటి నుంచి వచ్చిన గుణం. అది రక్తంలో ఉంటుంది. ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ కొనుక్కుందామంటే దొరకదు. దాణా కొట్టు నడిపే మనిషిగా చెప్తున్నాను, ఏ బస్తాలోనూ ఉండదది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అత్త లేచి నిలబడింది. వచ్చే కోతపండక్కి పొట్టేళ్ళన్నిట్లోకి మంచిదాన్ని వేలం వెయ్యొద్దని, ఊరి మందలన్నిటికీ ఉంచమని అడిగింది. సంఘపెద్దకి కోపం వచ్చింది.

"దేవుడికిచ్చినదాన్ని ఎనక్కి అడగతావా?"

"ఎనక్కి అడగలా పెద్దయ్యా. దేవుడికిచ్చినదాన్ని కసాయికి ఎందుకిస్తా ఉండారని అడగతా ఉండా."

ఒప్పుకోలేదు. మరుసటి కోతపండక్కి అత్త చర్చికి వడ్లు తెచ్చింది, కోడిని తెచ్చింది, పొట్టేలుని తేలేదు. ఊరంతా గుసగుసలు. పాస్టరుగారు పేరు చెప్పకుండా ఆమెనే చూస్తూ ప్రసంగం చేశారు. అత్త మళ్ళీ లేచింది. "దేవుడి పొట్టేలు మా దొడ్లో ఉండాది. అది ఆయనదే, మేత నాది. ఎవురి గొర్రెలన్నా తోలుకు రాండి" అని చెప్పి, కొంగు సర్దుకుని కూర్చుంది. అప్పుడు ఆమె పక్కనున్న నాకు సిగ్గూ వేసింది, గర్వంగానూ ఉంది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

మొదట్లో ఎవరూ రాలేదు. అత్త ఊరుకోలేదు. వాకాడు పశువుల ఆస్పత్రికి వెళ్ళి డాక్టరుగారిని అడిగింది. ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. మంచి పొట్టేలుంటే చాలదమ్మా, అది తన బిడ్డల్నే దాటకుండా, అంటే వాటితోనే జతకట్టకుండా చూసుకోవాలి, లేకపోతే జాతి లోపల్లోపలే చచ్చుబడుతుంది అన్నారు. కాబట్టి దాని బిడ్డలు ఎదకొచ్చేలోపు వేరే మందలో ఉన్న జొడిపితో మార్చుకోవాలి. ఏ గొర్రెని దాటిందో తెలియాలంటే పొట్టేలు రొమ్ముకి రంగు పూసి వదలాలి, ఆ రంగు గొర్రె నడుం మీద అంటుకుంటుంది. మా అత్త ఇంట్లో ఉన్న రంగల్లా గోడ అంచులకి పూసే జాజు. దాన్ని ఆముదంలో కలిపి, కొబ్బరిచిప్పలో పెట్టుకుని, ప్రతి పొద్దునా తన చేత్తో పొట్టేలు రొమ్ముకి రాసేది. ఆ చెయ్యి ఇంక ఎప్పుడూ తెల్లబడలేదు.

తర్వాత రెండేళ్ళు గట్టి ముసుర్లు పట్టాయి. ఊరి మందలు కుంటుతుంటే అత్త పిల్లలు బురదలో గంతులేశాయి. చూసినవాళ్ళకి ప్రసంగం అక్కర్లేకపోయింది. ఒకరొకరే గొర్రెల్ని తోలుకొచ్చారు. సంఘపెద్ద కూడా తోలుకొచ్చాడు, కాకపోతే ఎవరూ చూడకుండా దొడ్డి వెనక దారిన. అత్త చూసీ చూడనట్టు ఊరుకుని, ఆయన వెళ్ళిపోయేటప్పుడు మాత్రం "ముందు వాకిలి గూడా ఉండాది పెద్దయ్యా" అంది. ఆ ఏటి నుంచి కోతపండక్కి వచ్చిన పొట్టేళ్ళలో గొర్రెలవాళ్ళంతా కలిసి ఒకదాన్ని ఎంచడం, దాన్ని వేలం వెయ్యకుండా అత్త దొడ్డికి పంపడం మా సంఘంలో ఆచారమైంది.

కోతలయ్యాక మా వైపు మందలు బుచ్చిరెడ్డిపాలెం దాకా వెళ్తాయి. అక్కడి రైతులు ఎరువు కోసం మందని చేలల్లో కట్టించుకుంటారు. అలా పరిచయమైన ఒక రైతు దగ్గర తాతల నాటి జొడిపి మంద ఉంది. ఆయనకి మా సంగతంతా నవ్వులాట.

"ఏందక్కా, మీ గుడికి గూడా ఆంబోతుని వదిలినారంట?"

"ఆంబోతు ఊరికినే తిరగతాదన్నా. మాది నౌకరీ చేస్తాది."

నవ్వాడే గానీ, పొట్టేలు మార్చుకుందామని అత్త అడిగిన వెంటనే సరేనన్నాడు. దేవుడి పొట్టేలుని వేరే మతం వాళ్ళ మందలోకి పంపుతావా అని మా ఊళ్ళో ఒకరిద్దరు నసిగారు. "గొర్రెకి బొట్టు యాడుండాది, శిలువ యాడుండాది?" అని వాళ్ళ నోరు మూయించింది.

ఆ మొదటి పొట్టేలుని చేతుల మీద పెంచింది ఆమె. దాన్ని అక్కడ వదిలి, కొత్తదాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వస్తుంటే మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఏడుస్తున్నావా అత్తా అన్నాను. "ఏడస్తా ఉండా. ఏడవకూడదా? ఇయ్యాల్సింది ఇచ్చినా, ఏడవాల్సింది ఏడస్తా ఉండా" అంది. పట్టుదల గల మనిషి అంటే రాయిలాగా ఉంటుందనుకునేదాన్ని. ఆటో వాకాడు దాటేదాకా ఏడ్చి, ఇంటి దగ్గర దిగగానే కొత్తదానికి జాజు కలిపింది.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, ఆమెని సమాధి చేసి వచ్చిన సాయంత్రమే సంఘపెద్ద మా అరుగు మీద కూర్చుని మాట ఎత్తాడు. "ఆమె ఉన్నన్నాళ్ళు జరిగినాది. ఇప్పుడు దాన్ని ఎవురు చూస్తారు? గుడికి ప్రహరీ గోడ కట్టాల. ఈసారి ఈ పొట్టేల్ని గూడా వేలంలో పెడదాం" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన కళ్ళకి గోడే కనిపిస్తోంది. తమ్ముడు తల దించుకున్నాడు. వాడు పగలంతా రొయ్యల గుంటల దగ్గర పనికి పోతాడు. మాంసం కొట్టు ఆయన అప్పటికే దొడ్లోకి వెళ్ళి పొట్టేలు నడుం నొక్కి చూసొచ్చాడు. చావింట్లో కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు వచ్చింది. అత్త పోయిన దుఃఖం కంటే, అత్త చేసింది కూడా ఆమెతో పోతుందేమోనన్న భయం ఎక్కువైంది. కోవూరు వెళ్ళకుండా ఉండిపోయాను.

మరుసటి ఆదివారమే కోతపండగ. వేలం హుషారుగా మొదలైంది. కోడిపుంజు కోసం ఇద్దరు పోటీలు పడి నవ్వులపాలయ్యారు. ఎండుచేపల బుట్ట, గుమ్మడికాయలు అన్నీ పోయాయి. చివర్న పొట్టేలుని తెచ్చి నిలబెట్టారు. దాని రొమ్ము మీద అత్త పూసిన జాజు వెలిసిపోయి ఇంకా కనిపిస్తోంది. నేను మాట్లాడదామని లేవబోయాను.

ఈలోపే సంఘపెద్ద పాట పిలిచాడు. ఎవరూ పాడలేదు. మళ్ళీ పిలిచాడు. అంతసేపూ గోలగోలగా ఉన్న జనం ఒక్కొక్కరే పొట్టేలు చుట్టూ చేరి నిలబడ్డారు. సంఘపెద్ద మాంసం కొట్టు ఆయన వైపు చూశాడు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"నేను పాడను పెద్దయ్యా. ఈళ్ళ మొహాలు చూడండి. రేపట్నుంచి నాకు గొర్రెనెవురమ్ముతారు?"

అప్పుడు నేను లేచి నిలబడి "దేవుడి పొట్టేలు మా దొడ్లోనే ఉంటాది. దాణా నాది" అన్నాను. ఎన్నేళ్ళుగానో కోవూరు మాట పలికే నోట్లోంచి మా ఊరి మాట దానంతటదే వచ్చింది. తమ్ముడు వెనక నుంచి "పొద్దున, సాయంత్రం చూసుకునేది నేను" అన్నాడు. "మరి గోడో?" అన్నాడు సంఘపెద్ద, ఎవరినీ కాదు, గాలిని అడిగినట్టు. అత్తకి స్నానం చేయించిన పక్కింటావిడ అందుకుంది. "గోడ లేకపోతే దేవుడేమన్నా పారిపోతాడా పెద్దయ్యా?" ఆయనకీ నవ్వు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే దొడ్లోకి వెళ్ళాను. గుంజకి తగిలించిన కొబ్బరిచిప్పలో అడుగున జాజు ఎండిపోయి ఉంది, మీద అత్త వేళ్ళ చారలు. కాసేపు ఏడ్చాను. తర్వాత దాంట్లోనే ఆముదం పోసి, కొత్త జాజు కలిపి, పొట్టేలు రొమ్ముకి అరచేత్తో రాశాను. ఊరి గొర్రెలు వచ్చాయి.

సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకి తడిక దగ్గర నిలబడ్డాను. అరచెయ్యి రెండుసార్లు కడుక్కున్నా ఎరుపు గీతల్లో అలాగే ఉంది. వీధిలో గొర్రెలు వరసగా వస్తున్నాయి. కాటుక కళ్ళు, తెల్లటి ఒళ్ళు, కొన్నిటికి నడుం మీద ఎర్రటి గుర్తు. ఒక్కొక్కటి తన ఇల్లు రాగానే మంద విడిచి లోపలికి తిరుగుతోంది. ఎర్రగుర్తున్న వాటిలో చివరిది సంఘపెద్ద ఇంటి దాకా నడిచి, ఆయన తెరిచి పట్టుకున్న ముందు వాకిట్లోంచి లోపలికి వెళ్ళింది.