గట్టయ్య మోసిన ఒంటె

చొప్పదండి చుట్టుపక్కల హమాలీ గట్టయ్య కన్నా ఎక్కువ బరువు మోసిన మనిషి లేడు. అనుమానముంటే గట్టయ్యనే అడగండి. సౌదీలో ఇసుకలో కూలబడ్డ ఆరు క్వింటాళ్ల ఒంటెను భుజానేసుకుని మూడు మైళ్లు నడిచాడట. దారిలో అది ఆయన చెవి పక్కనే గురకపెట్టి నిద్రపోయిందట కూడా. రైసుమిల్లులో బస్తాలు దించి బీడీలు ముట్టించే వేళ ఈ ముచ్చట వినని హమాలీ లేడు. గట్టయ్య తన గల్ఫ్ హిందీలో చెబుతుంటే బిహారీ హమాలీలు పొట్టలు పట్టుకునేవారు. అందులో బిర్జు మరీనూ.

చెప్పే గట్టయ్య మాత్రం నవ్వడు. ముఖం ఖాళీ గోనెసంచి. సౌదీ నుంచి వచ్చిన పదమూడేళ్లుగా అంతే. అవ్వ పోయిననాడూ అంతే, హమాలీ సంఘం అధ్యక్షుడని మెడలో దండ వేసిననాడూ అంతే.

మొన్న వడ్ల బస్తాల వరుస కూలి బిర్జు కాలు నుజ్జయింది. వాడు తన మిల్లు మనిషే కాదన్నాడు సేటు. అది చూసిన బిహారీలందరినీ మరునాడే రైలెక్కించాడు. హాజరు పుస్తకంలో బిర్జు పేరు లేదు. సంఘం పుస్తకంలోనూ లేదు. బిహారోళ్లను రాసుకోవద్దని తీర్మానం చేయించింది గట్టయ్యే మరి. మిల్లు మనిషని తేలితేనే వైద్యం, పరిహారం. లేకుంటే కుంటుకుంటూ ఊరికి పోవడమే.

"బిహారోడు, మనకెందుకే కాకా?" అన్నారు సంఘంవాళ్లు. గట్టయ్య కరీంనగర్ బస్సెక్కాడు.

కార్మిక శాఖ ఆఫీసులో బిర్జు కట్టుకాలు చాపుకుని బెంచీ మీద ఉన్నాడు. గట్టయ్య ఆఫీసరు జ్యోతిరాణి ముందు నిలబడ్డాడు. "రెండేండ్ల సంది మా పక్కపొంటి మోస్తుండు మేడం. బస్తాలు కూలుడు నా కండ్లతోని సూసిన."

ఎదురు కుర్చీలో ఉన్న సేటు పకపకా నవ్వాడు. "గీయన మాట నమ్ముతరా మేడం? ఒంటెను మోసిన అంటడు! ఏం గట్టయ్యా, మేడంకు గూడ చెప్పరాదు గా ముచ్చట!"

గుమాస్తాలు కిసుక్కుమన్నారు. జ్యోతిరాణి కలం ఆపింది. "ఒంటెను మోసినవా?"

పదమూడేళ్లు మోసిన ఒంటెను గట్టయ్య అక్కడ దించేశాడు.

"లేదు మేడం. మనిషిని మోసిన."

"ఎవరిని?"

"సిద్దిరాములును. మా పక్కూరే, ఒక్క రూములనే ఉంటిమి. కట్టే బిల్డింగు మీదికెల్లి పడ్డడు. భుజానేసుకొని రోడ్డుదాంక ఉరికిన. దవఖాన్ల పోలీసులు అడిగిండ్రు, గీయన ఎవరు, ఎవరికాడ పనిచేస్తడని. మా కఫీలు, అంటే మా మాలిక్, పక్కనే నిలవడ్డడు. నాకు ఎర్కలే అన్న నేను. కంపినోళ్లు గూడ ఎర్కలే అన్నరు. సచ్చిపోయినంక ఇంటికి శవమొచ్చింది, ఇంకేం రాలే."

లారీలో ఎన్ని బస్తాలున్నాయో చెప్పే గొంతు అది. అదే గొంతుతో, బిర్జు వైపు చూపి, "గీయన నాకు ఎర్కనే మేడం. గంతే," అన్నాడు.

జ్యోతిరాణి రాసుకుంది, చదివి వినిపించింది, సంతకం పెట్టించుకుంది. సేటు లేచాడు.

"రేపటి సంది మిల్లుకు రాకు."

"రాను సేట్."

బయట మెట్ల మీద బిర్జు ఆగాడు. లోపలి తెలుగు వాడికి సగమే అందింది. "ఎందుకు నవ్విండ్రు చాచా?"

"ఒంటె ముచ్చటొచ్చింది."

"నాకు గూడ మల్లొకపారి చెప్పు."

గట్టయ్య పక్కన కూర్చుని హిందీలో మొదలుపెట్టాడు. అదే ఇసుక, అవే మూడు మైళ్లు. ఒంటె తూకం మాత్రం డెబ్బై కిలోలకు దిగింది.

"గింత హల్కనా చాచా?" బిర్జు నవ్వాడు.

"గంతే ఉండె," అన్నాడు గట్టయ్య.