మామగారి కొత్త శిష్యుడు

మా మామగారు మెదక్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బెత్తం లేకుండా ఆయన క్లాసులో అడుగుపెట్టింది లేదట. ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసి మా టామీకి ట్రైనింగ్ ఇస్తున్నారు. చెప్పినట్టు కూర్చుంటే ఒక శాబాష్, ఒక బిస్కెట్.

ఈ రోజు నల్లా కారుతుంటే బాగుచేయడానికి యాదగిరి వచ్చాడు. ఒకప్పుడు మామగారి దగ్గర చదివినవాడే. టామీ అతని చెప్పు కొరుకుతుంటే, "ఒక్కటెయ్యుండ్రి సార్!" అన్నాడు.

"కొడితే భయపడతది గానీ నేర్చుకోదురా. మెచ్చుకోవాలె," అన్నారు మామగారు.

యాదగిరి పానా పక్కన పెట్టి తన అరచేతులు ఓసారి చూసుకున్నాడు. "గీ ముచ్చట మీకు జర ముందుగాల తెలిస్తే మంచిగుంటుండె సార్. నాకు ఎక్కాలన్న వస్తుండె."

మామగారు విననట్టే నల్లా తిప్పి, కట్టేసి చూశారు. ఒక్క చుక్క కారలేదు. "ఊఁ, పర్వాలేదు," అన్నారు. అంతలో టామీ తన మానాన తాను కూలబడింది.

"శాబాష్ బిడ్డా!" వెంటనే బిస్కెట్ అందింది.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి నా వంటకూ ఆ "పర్వాలేదే". మా ఇంట్లో శాబాష్ అనిపించుకోవాలంటే నాలుగు కాళ్లుండాలి. మీ ఇంట్లో రెండు సరిపోతాయా?