లారీ నీలం గిటారు

ఏళ్లుగా ఒక గిటారు బరువు మోస్తున్నాను. గిటారు నాది కాదు. బరువు మాత్రం నాదే.

అది ప్రకాశం అంకుల్‌ది. విజయవాడలో మా చర్చి క్వైర్‌కి ఆయనే పెద్ద. నాకు తీగ మీద వేలు పెట్టడం నేర్పిందీ ఆయనే. ఓడల్లో పనిచేసిన మేనమామ తెచ్చిచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటారు. "అమెరికా ఒరిజినల్ అండీ" అని కనపడ్డ ప్రతివారికీ చెప్పేవారు. క్వైర్‌లో ఒక్కరూ నమ్మేవారు కాదు.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, క్రిస్మస్‌కని చర్చి గోడలకు రంగులు వేస్తుంటే, వెలిసిపోయిన ఆ గిటారుని చూసి జాలేసింది. ఆయనకు చెప్పకుండా ఆటోనగర్ తీసుకెళ్లి, పాత రంగంతా గీకించి, లారీలకు కొట్టే నీలం కొట్టించాను. అంకుల్ నన్ను గట్టిగా కావలించుకున్నారు. నేను చేసిన మంచిపనుల జాబితా చిన్నది. అందులో ఇది మొదటిది అనుకునేవాణ్ణి.

కొన్నేళ్లకు ఆయనే దాని విలువ కట్టించుకు రమ్మన్నారు. అమ్మడానికి కాదట, క్వైర్ వాళ్ల నోళ్లు మూయించడానికట.

గవర్నర్‌పేటలో పాత వాయిద్యాలు కొనే ఒకాయన గిటారు మెడ విప్పి, లోపలి కంపెనీ ముద్రని టార్చి వేసి చూశాడు. అసలైనదే. కాకపోతే ఇలాంటివాటికి మొదటి రంగే ప్రాణమట. గీతలు పడ్డా, వెలిసినా అదే ఉండాలట. "సగం విలువ పోయిందండీ. ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?" అన్నాడు. తెలియదన్నాను.

అంకుల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఏమన్నాడ్రా?"

"డూప్లికేటంట అంకుల్."

గిటారుని ఒకసారి తిప్పి చూసుకున్నారు. "పోన్లేరా. రంగన్నా బాగుంది."

ఎందుకలా అన్నాను? ఆయన బాధపడతారనా? అలా అనుకుని కొన్నాళ్లు హాయిగానే నిద్రపోయాను గానీ, నిజానికి సగం పోయిందని చెప్తే ఎవరివల్ల పోయిందో కూడా చెప్పాల్సొస్తుందని, ఆ కావలింత వెనక్కి తీసుకుంటారేమోనని భయపడి, ఆయనకు మిగిలిన సగాన్ని కూడా నేనే తీసేశాను.

ఆ తరవాత ఆయన ఒరిజినల్ అనడం మానేశారు. మొన్న ఆదివారం క్వైర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, ఇది ఎక్కడిదని. "డూప్లికేటమ్మా" అన్నారు నవ్వుతూ, నన్ను చూపించి. "మావాడే కనుక్కొచ్చాడు. ఈ రంగు వేయించింది కూడా వీడే."

అది ఒరిజినలేనండీ. ముందు మీకు చెప్పాను. ఆయనకింకా చెప్పలేదు. ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతే. ఆ నీలం మాత్రం ఇప్పటికీ ఎక్కడా పెచ్చు లేవలేదు. ఆటోనగర్ వాళ్ల పని గట్టిది.