మా అన్న చెప్పిన సంఘం, పటేలు విన్న సంగం

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం మా అన్న వాకిట్లో చాప వేసుకుని, నోటు పుస్తకంలో మా వాడ వాళ్ల పేర్లు రాస్తున్నాడు. మొదటి పేరు మా బాపుది, అంటే మా నాన్నది. చదువు రాదు కాబట్టి బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాడు. ఆ వేలిని తీసుకెళ్లి అలికిన గోడకు తుడిచి మా అవ్వతో, అంటే అమ్మతో, తిట్లు తిన్నాడు.

చెబుతున్నది నేను, టైపు చేస్తున్నది మా మనవరాలు. నాకు తొంభై దాటాయి. తప్పులుంటే దాన్నే అనండి...

మాది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో చిన్న పల్లె. నిజాం రాజ్యం. అన్నకు ఇరవై ఏళ్లు ఉంటాయేమో... మిషను బడిలో చదివి, బోధకుడై ఊరికి తిరిగొచ్చాడు. పడుచు పిల్లల్ని పోగుచేసి పాటలు, ప్రార్థన నేర్పేవాడు. మిషను వాళ్ల తెలుగు కూడా బాగా వంటబట్టింది. మేం "కలుస్తం" అంటే తను "కూడుకొందము" అనేవాడు. వెనకాల నవ్వుకునేవాళ్లం.

ఆ పుస్తకాల తెలుగే కొంప ముంచింది.

"వచ్చే ఆదివారం మన ఊళ్లె సంఘం కడుదాం. పేర్లిచ్చినోళ్లకు బాప్తిస్మం" అని వాడంతా చెప్పి వచ్చాడు. సంఘమంటే ఆయన లెక్కలో ప్రభువును నమ్మినవాళ్ల గుంపు. కానీ ఆ రోజుల్లో మా వైపు సంగమంటే ఒకటే... వెట్టి చేసేది లేదని ఎదురు తిరిగినవాళ్ల సంగం. సంతలో కూడా ఆ మాట గొంతు తగ్గించి అనేవాళ్లు.

మర్నాడు పొద్దున్నే, ఊరి పెత్తనమంతా చేతిలో ఉన్న పోలీసు పటేలు నుంచి పిలుపు. పేర్లు రాసిన పుస్తకం కూడా తెమ్మన్నాడు. అన్న వెంట బాపు, బాపు వెంట నేను. తొమ్మిదేళ్ల దాన్ని... వద్దంటే ఆగే రకం కాదు.

మా బాపుది వెట్టి బతుకు. పటేలు ఇంటికి కట్టెలు కొట్టాలి. అధికారులు వస్తే వాళ్ల సామాన్లు పక్క ఊరి దాకా నెత్తిన మోయాలి. కూలి అడగకూడదు.

చావడిలో పటేలు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏంరా, సంగం పెడుతున్నవంట? ఎవలెవలున్నరో సదువు" అన్నాడు.

అన్న చదవలేదు. పేర్లు బయటపడితే ఎన్ని వీపులు చిట్లుతాయో తెలుసు. పుస్తకాన్ని చంకలో బిగించి పట్టుకున్నాడు.

"గది కాదు పటేలా... మాది ప్రార్థన సంఘం."

"వెట్టి గిట్ట వద్దంటరా?"

"అనం పటేలా. గా సంగంతోని మాకేం పని లేదు. వెట్టి ఎప్పటి లెక్కనే."

పటేలు పెద్దగా నవ్వాడు. "గట్లయితే పెట్టుకో. దేవుని మాట ఇంటే ఈళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటరు."

అంతే. దెబ్బ పడలేదు, పుస్తకం లాక్కోలేదు. అన్న పదకొండు ఇండ్లను కాపాడాడని నేను దారంతా గెంతుతూ నడిచాను. బాపు మాత్రం మాకు బాగా వెనకబడి నడిచాడు. ఇంటికొచ్చాక, "నా పేరు కొట్టెయ్" అన్నాడు.

"ఎందుకు బాపు?"

"వెట్టి ఎప్పటి లెక్కనే అంటివి. నా ముంగటనే అంటివి. మరి మీ దేవుని తాన నాకేం మారుతదిరా?"

అన్న పుస్తకం తెరిచి ఆ పేరు కొట్టేశాడు. నాకు కోపం వచ్చింది, అన్న మీద కాదు, బాపు మీద! అందరి బాపులూ వరుసలో నిలబడితే మా బాపు ఒక్కడే ఉండడని... రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం పాస్టరుగారు కామారెడ్డిలో రైలు దిగి, ఎడ్లబండి మీద వచ్చారు. పందిరి కింద అన్న పేర్లు పిలవాలి. లేచాడు... పిలవలేదు.

"పటేలు ముంగట నేను భయపడి చెప్పిన. వెట్టి దేవునికి ఇష్టమే అన్నట్టు చెప్పిన. అది తప్పు. మా బాపు అడిగిందే నిజం" అన్నాడు.

పందిరి అంచున పటేలు మనిషి నిలబడి ఉన్నాడు. అన్న అతన్ని చూసే అన్నాడు. ఆ తర్వాతే పేర్లు పిలిచాడు. పది మందికి బాప్తిస్మం అయ్యింది. అన్న ఒప్పుకున్న ఆ మాట బాపు వినలేదు... అప్పుడు పటేలు ఇంట్లో కట్టెలు కొడుతున్నాడు. ఇంటికొచ్చాక నేనే చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

ఆ వారంలోనే మిషను వాళ్లు అన్నను ఎల్లారెడ్డికి మార్చారు. ఇక్కడుంటే ప్రాణం మీదికొస్తుందని అన్నారు. పటేలుతో పేచీ వాళ్లకూ ఇష్టం లేదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

వానలు తగ్గాక ఒకనాడు బాపు వెట్టికి పోలేదు. ఎవరినీ అడగలేదు. నన్ను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డికి నడిచాడు. అన్న ప్రార్థన గుడి ముందు ఊడుస్తున్నాడు. మమ్మల్ని చూసి చీపురు వదిలేశాడు. బాపు కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఇప్పుడు రాస్కో నా పేరు" అన్నాడు.

తిరిగొచ్చాక పటేలు ఊరుకున్నాడా అంటే, ఊరుకోలేదు. బాపు వారం రోజులు మంచం దిగలేదు. పేరు కొట్టెయ్యమని మాత్రం మళ్లీ అనలేదు.

తర్వాత నేనూ చాలా ఏళ్లు యౌవనస్థుల కూడికలు నడిపాను. విశ్వాసం గురించి, సేవ గురించి ఎంతో చెప్పాను. బాపు అడిగిన ప్రశ్న జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

మొన్న కామారెడ్డిలో మనవరాలి చర్చికి పోయాను. గిటార్లు, మైకులు... యౌవనస్థుల సంఘానికి పేర్లు ఫోన్లోనే ఇచ్చేస్తున్నారు. సంతోషమే. కానీ పేరిచ్చే ముందు "నాకేం మారుతుంది?" అని నిలదీసేవాళ్లు ఒక్కరూ కనబడలేదు. మీ ఇండ్లలో అలా అడిగినవాళ్లు ఉంటే కింద రాయండి... మా మనవరాలు చదివి వినిపిస్తుంది.