జీడిమామిడి వాలులో బొబ్బర తీగ

మా అక్క, బావ ఏలూరులో టీచర్ ట్రైనింగ్ కలిసి చదివారు. ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. బావవాళ్లది బుట్టాయగూడెం అవతల కొండ పక్క ఊరు. మాది దెందులూరు దగ్గర. నాన్నకు పల్లపు చేలో వరి, ఓ చిన్న చేపల చెరువు తప్ప వేరే వ్యవసాయం తెలియదు.

పెళ్లయిన మరుసటి వేసవిలో నాన్న, నేను వాళ్ల ఊరు వెళ్లాం. కొండవాలులో కొత్తగా వేసిన జీడిమామిడి మొక్కల్ని అక్క అత్తగారు చూపించారు. మొక్కల మధ్య నేల బోడిగా ఉంది. ప్రతి వానకూ పైమట్టి వాగులోకి పోతోందని, నేలను కప్పి ఉంచే పైరేదైనా చల్లాలని ఆవిడ అన్నారు. ఏది చల్లాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

నాన్న జీలుగ అన్నారు. మా వైపు ఊడ్పులకు ముందు చల్లి, పెరిగాక దమ్ములో కలిపేసేది అదే. ఆవిడ బొబ్బర్లు అన్నారు. తినే గింజను నేల కోసం ఎవరైనా చల్లుతారా అని నాన్న నవ్వారు. ఆవిడ నొచ్చుకోలేదు.

"జీలుగైతే దున్నాలి కదండీ. ఇక్కడ దున్నితే ఉన్న మట్టి కూడా జారిపోద్ది అన్నయ్యగారూ. మాకు పాకేది కావాలండి" అన్నారు.

చివరికి సగం వాలు నాన్నకు వదిలారు. ఆయన తాడేపల్లిగూడెం వెళ్లి, నాలుగు కొట్లు తిరిగి జీలుగ విత్తనం కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు.

తొలకరికి రెండూ మొలిచాయి. జీలుగ నిటారుగా నడుమెత్తు లేచింది. అక్క పంపిన ఫొటోలు నాన్న ఊళ్లో అందరికీ చూపించారు. తరవాత మూడు రోజులు ముసురు పట్టింది. తెరిపిచ్చాక నాన్న, నేను వెళ్లి చూస్తే, జీలుగ మొదళ్ల మధ్య నీళ్లు కాలవలు కోసేశాయి. అవతలి సగంలో బొబ్బర తీగలు నేల కనబడకుండా అల్లుకున్నాయి. నాన్న వంగి ఆకులు పక్కకు తీశారు. కింద మట్టి తడిగా, కదలకుండా ఉంది. ఆకుల్ని మళ్లీ సర్దేసి, తన జీలుగ వైపు చూశారు. నాకు జాలేసింది.

ఆవిడ ఒక్క మాటతోనూ ఎత్తిపొడవలేదు. జీలుగ కోసి మొక్కల పాదుల్లో వేస్తే మంచి ఎరువవుతుందన్నారు. ఆ మధ్యాహ్నం లేత బొబ్బరకాయల కూర వండారు. నాన్న రెండోసారి అడిగి వేయించుకున్నారు.

"కాసిని గింజలు ఇస్తారా చెల్లెమ్మా?" అన్నారు, తలెత్తకుండా.

"మీ పల్లంలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోద్దండి."

చేలోకి కాదని, చెరువు గట్టుకని నాన్న చెప్పారు. వానాకాలం మా గట్టు మట్టి కూడా కొద్దికొద్దిగా చెరువులోకి జారిపోతుంటుంది.

ఇప్పుడు ఏటా గట్టుమీద బొబ్బర్లే. కాళ్లకు తీగలు తగులుతున్నాయని మేత చల్లే మనిషి విసుక్కుంటే, నాన్న ఓ పక్కగా నడవడానికి దారి వదిలారు. కాయ దిగే రోజుల్లో, ఎప్పుడు కోయాలో తనకు తెలిసినా సరే, ఆవిడకి ఫోన్ చేసి అడుగుతారు.