చెంచ ఎవరి చేతుల ఉండాలె

ఏడో నెలల పుట్టిన మా పాపకు చాన్నాళ్లు ముక్కుల గొట్టం ఏసి పాలు వోసిన్రు. గొట్టం తీసి ఎన్ని నెలలైనా భయం మాత్రం పోలే. చెంచ కనవడితె చాలు, పెదవులు బిగవట్టి మొకం తిప్పుకునేది. బరువు పెరగకుంటె మళ్ల గొట్టమే అన్నడు డాక్టర్.

ఆ పొద్దు సిటీ బస్సుల గూడ రాగిజావ చెంచ పట్టుకొని పాప మూతి ఎంబడి పడ్డ. పక్క సీట్ల ఒక ముసలామె, ఒళ్లో బీడీ కట్టల బుట్టతోని, నన్నే చూస్తున్నది.

"బీడీలు చుడుతవా బిడ్డా?"

"చుడుత అవ్వా."

"ఆకు నానవెట్టకుంటనే చుడుతవా?"

"అట్లెట్ల? పగులుతది గద."

"మరి గీ పోరితోని గింత జల్దీ ఎందుకే?"

నా చేతిలకెల్లి చెంచ గుంజుకొని పాప పిడికిట్ల వెట్టింది. "ఇగ దాని దిక్కు చూడకు" అని నా గదువ పట్టి కిడికీ దిక్కు తిప్పింది.

అశోక్ చౌక్ దాకా దుకాణాల బోర్డులే చదివిన. ఎన్కకు తిరిగితె జావ నా చీర మీద, పాప చెవుల, అవ్వ బీడీల మీద. పాప మాత్రం చెంచ చప్పరిస్తున్నది!

"తడి బీడీలు తెచ్చినవని కార్ఖాన్ల తిడుతరు నన్ను" అని పకపక నవ్వుకుంట దిగిపోయింది అవ్వ.

మళ్ల గొట్టం అక్కెర రాలే. ఆ సాయంత్రమే మా అత్తమ్మ చెంచ పట్టుకొని పాప ముంగట కూసున్నది. నేను ఆమె గదువ పట్టి గోడ దిక్కు తిప్పిన.